మన చరిత్ర మనమే - 14: ఇమ్రోజ్ ఎడిటర్



సెప్టెంబర్ 17 వస్తే మా పరిగి బస్టాండు కాడ హోటల్ల లొల్లి మొదలైతది. ఒకాయన విమోచనం అంటడు, ఇంకొకాయన విలీనం అంటడు, మూలకు కూసున్న పెద్దమనిషి విద్రోహం అంటడు. చాయ్ సల్లారిపోతది. పోయిన యేడు నేనొక్కటే అడిగిన, షోయబుల్లా ఖాన్ ఎవరో ఎరుకేనా అని. ఎవ్వరూ మాట్లాడలే.

ఆయన ఉర్దూ జర్నలిస్టు. ముందు మందుముల నర్సింగరావు 'రయ్యత్' పత్రికలో రాసిండు. సర్కారు దాన్ని బంద్ పెట్టిస్తే, 1947 నవంబర్‌లో 'ఇమ్రోజ్' పెట్టిండు. రజాకార్లు ఊర్ల మీద పడి చేస్తున్న దోపిడీలు, హత్యలు అచ్చేసిండు. హైదరాబాద్ భారత్‌లో కలవాలని కొందరు ముస్లిం పెద్దలు ఇచ్చిన ప్రకటన కూడా వేసిండు. ముస్లిం ఎడిటర్ ఉర్దూలోనే నిలదీసుడు వాళ్లకు మింగుడు పడలే. 1948 ఆగస్టు 21 అర్ధరాత్రి ఆఫీసు నుంచి ఇంటికి పోతుంటే కాచిగూడ కాడ కాల్చి, చెయ్యి నరికిండ్రు. 28 ఏండ్లు నిండనే లేదు.

ఒక మాట దాచుకోవద్దు. అప్పుడు మన బి.ఎస్. వెంకట్రావు లాయక్ అలీ సర్కారులో మంత్రి. మన పిల్లల చదువులకు నిధి తెచ్చింది ఆయనే. ద్రోహి అని ఒక్క మాటతో కొట్టేస్తే నేనొప్పుకోను. వెట్టి చేసిన మా తాత "రజాకారు పోయిండు, దొర పోలే" అనేటోడు. నిన్నటిదాకా నిజాంకు సలాం కొట్టిన దొరలే ఖద్దరు టోపీలు పెట్టిండ్రు మరి.

పోలీస్ యాక్షన్ అయినంక ఏం జరిగింది? పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తోటివాళ్లతో జిల్లాలు తిరిగిండ్రు. గఫార్ కూడా పత్రికాయనే, 'పయామ్' నడిపిండు. తక్కువల తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది పోయిండ్రని వాళ్ల అంచనా. ఎక్కువ నష్టపోయిన జిల్లాల్లో మన తాండూరుకు ఆనుకొని ఉన్న గుల్బర్గా ఒకటి. పంపించిన ఢిల్లీ సర్కారే ఆ నివేదికను దశాబ్దాలు తొక్కిపెట్టింది.

షోయబుల్లాకు దండ వేసేటోళ్లు ఈ నివేదిక పేరెత్తరు. నివేదిక చేతపట్టినోళ్లు షోయబుల్లాను యాది చెయ్యరు. రెండూ చెప్పిన్నని హోటల్ల నన్ను రెండు దిక్కులా తిట్టిండ్రు. మూలకున్న పెద్దమనిషి మాత్రం, "ఆ కాగితం నాకోసారి చదివి వినిపియ్యి బిడ్డా" అన్నడు. సదివిన. చాయ్ పైసలు ఆయనే ఇచ్చిండు.

వచ్చే భాగంల, 1931ల భాగ్యరెడ్డి వర్మ పెట్టిన 'భాగ్యనగర్' పత్రిక ముచ్చట.