ఎముకల రసాయనంతో మరణకాల అంచనా

మరణించిన సమయం నుంచి శవం దొరికేదాకా గడిచిన కాలాన్ని మరణానంతర వ్యవధి అంటారు. తొలి రోజుల్లో దీన్ని శరీర ఉష్ణోగ్రత, కండరాల బిగువు, శవంపై పెరిగే పురుగుల దశలను బట్టి లెక్కిస్తారు. అస్థిపంజరమే మిగిలాక ఈ ఆనవాళ్లు ఉండవు. అప్పుడు ఎముకలోని జీవరసాయన మార్పులే ఆధారం. దొరికినవి పోలీసు దర్యాప్తు అవసరమైన ఎముకలా, పురావస్తు శాఖకు చెందాల్సినవా అని తేల్చడమే ఈ పరీక్షల మొదటి ప్రయోజనం.

ఎముకలో మార్పులు

ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు హైడ్రాక్సీఅపటైట్ అనే ఖనిజం. మిగిలింది సేంద్రియ పదార్థం, నీరు. సేంద్రియ భాగంలో సుమారు 90 శాతం కొల్లాజెన్ ప్రొటీన్. మరణానంతరం నీరు, సూక్ష్మజీవులు కొల్లాజెన్ గొలుసులను తెంచుతాయి. నత్రజని తగ్గుతుంది, డీఎన్‌ఏ ముక్కలవుతుంది. ఆమ్ల నేలల్లో ఖనిజమూ కరుగుతుంది. భూగర్భజలం నుంచి ఫ్లోరైడ్ వంటివి ఎముకలో చేరతాయి.

పరీక్షలు

*లూమినాల్:* రక్తంలోని హీమ్‌తో చర్య జరిపి నీలికాంతి ఇస్తుంది. ఎముక పాతబడేకొద్దీ ఈ వెలుగు తగ్గుతుంది.

*అతినీలలోహిత కాంతి:* కొత్త ఎముకను అడ్డంగా కోసి చూస్తే కోత అంతా నీలంగా మెరుస్తుంది. కాలం గడిచేకొద్దీ బయటి అంచు నుంచీ, మూలుగ వైపు నుంచీ మెరుపు తగ్గుతూ వస్తుంది.

*సిట్రేట్:* తాజా ఎముకలో ఇది సుమారు 2 శాతం. దీని తగ్గుదలతో కాలాన్ని లెక్కించవచ్చని 2010లో ష్వార్ట్జ్ బృందం ప్రతిపాదించింది. తర్వాతి పరిశోధనల్లో ఫలితాలు అంత నిలకడగా రాలేదు.

*కార్బన్-14:* 1950ల మధ్య నుంచి 1963 వరకు సాగిన అణుపరీక్షల వల్ల వాతావరణంలో కార్బన్-14 దాదాపు రెట్టింపైంది. ఆ అదనపు కార్బన్ ఆహారం ద్వారా ఎముకల్లో చేరింది. అది కనిపిస్తే ఆ వ్యక్తి అణుపరీక్షలు మొదలయ్యాక కూడా జీవించి ఉన్నట్టే. అయితే పెద్దవారిలో ఎముక కొల్లాజెన్ చాలా నెమ్మదిగా మారుతుంది కాబట్టి, అది సూచించే కాలం మరణం కంటే ఎన్నో ఏళ్లు ముందుదై ఉండవచ్చు.

*ప్రొటీన్ విశ్లేషణ:* ఏ ప్రొటీన్లు మిగిలాయో, ఎంత పాడయ్యాయో మాస్ స్పెక్ట్రోమెట్రీతో చూస్తారు. ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉంది.

పరిమితులు

ఎముక క్షయాన్ని కాలంతో పాటు వేడి, తేమ, నేల ఆమ్లత, పూడ్చిన తీరు కూడా నిర్ణయిస్తాయి. వేడి, తేమ ఉన్న చోట కొన్నేళ్లలో జరిగే మార్పుకు చల్లని, పొడి నేలలో శతాబ్దాలు పట్టవచ్చు. లూమినాల్ నేలలోని రాగి వంటి లోహాలతోనూ వెలుగుతుంది. పూడ్చిన తీరు ఎంత తప్పుదారి పట్టిస్తుందో 1977లో అమెరికాలోని టెనెస్సీలో తేలింది. మాంసం ఇంకా మిగిలి ఉన్న ఒక శవం ఏడాదికి మించనిదని మానవశాస్త్రవేత్త విలియం బాస్ అంచనా వేశారు. అది 1864లో యుద్ధంలో చనిపోయిన సైనికాధికారి విలియం షైది. భద్రపరిచే రసాయనాలు, ఇనుప శవపేటిక ఆ దేహాన్ని కాపాడాయి. అందుకే నిపుణులు ఒకే పరీక్షను నమ్మరు. పలు పరీక్షల ఫలితాలను, దొరికిన చోటి నేల వివరాలను కలిపి చూసి, తేదీకి బదులు కనిష్ఠ, గరిష్ఠ కాలపరిమితిని నివేదికలో రాస్తారు.