శల్యము, శస్త్రము, హస్తము : ఒక పదచర్చ

రాయవరము వంటి గ్రామములందు 'శస్త్రచికిత్స' పత్రికలలో చదువబడు మాటయేగాని నోట వినబడుట అరుదు. జనులు 'ఆపరేషను' అందురు. తెలుగు మాటయగు 'కోత' వరిచేలకు చెల్లినది. 'కడుపుకోత' బిడ్డను కోల్పోయిన తల్లి శోకమునకు పేరైనది.

ప్రాచీనసంజ్ఞ వేఱు. సుశ్రుతసంహిత ఆయుర్వేదాంగములు ఎనిమిదింటిలో శల్యతంత్రమును మొదట పేర్కొన్నది. శల్యమనగా బాణపుమొన, దేహమున నాటుకొని బాధించు ముల్లు, లోహము మున్నగునవియు శల్యములే. సుశ్రుతుడు మనస్సును బాధించు దానిని సైతము ఇందు చేర్చెను. అనగా ఈ శాస్త్రమునకు పేరు పెట్టినది వైద్యుని పనిముట్టు కాదు, రోగి బాధ.

ఇంత చక్కని పదము తెలుగున ఏల నిలువలేదు? మన వాడుకలో శల్యమునకు ఎముక అను అర్థము ప్రబలినది. 'శల్యావశిష్టుడు' అన్న ఎముకలే మిగిలినవాడు. కావున 'శల్యచికిత్స' విరిగిన ఎముకలు కట్టు వైద్యమని భ్రమ గొలుపును. 'శస్త్రచికిత్స' నెగ్గుటకు ఇదియే ముఖ్యకారణమని మా అభిప్రాయము. (మద్రరాజు పేర వెలసిన 'శల్యసారథ్యము'నకు ఈ చర్చతో పనిలేదు.)

శస్త్రము హింసార్థకమగు 'శస్' ధాతువునుండి పుట్టినది. శాస్త్రము అనుశాసనార్థకమగు 'శాస్' ధాతుజము. విద్యార్థులు 'శాస్త్రచికిత్స' అని వ్రాయునపుడు ఒక దీర్ఘము మాత్రమే గాక ధాతువే మారిపోవుచున్నది.

ఇక 'సర్జరీ'. ఇది గ్రీకు 'ఖైరూర్గియా' నుండి లాటిను, ప్రాచీన ఫ్రెంచి భాషల మీదుగా ఆంగ్లమున చేరినది. 'ఖైర్' చేయి, 'ఎర్గోన్' పని, వెరసి చేతిపని. సుశ్రుతుడును 101 యంత్రములు చెప్పి, హస్తము లేనిదే తక్కినవి పనిచేయవు గనుక వానిలో హస్తమే ప్రధానతమమనెను. ఇంతమాత్రమున ఒకరినుండి ఒకరు గ్రహించిరనుట సాహసము. కత్తి పట్టిన వారికెల్ల తోచు సత్యమిది.

'ఆపరేషను'నకు మూలమగు లాటిను 'ఓపుస్' అన్నను పనియే. సుశ్రుతుడు ఛేదనము మొదలు సీవనము వఱకు గల ఎనిమిది క్రియలను శస్త్రకర్మలనెను. ఈ కర్మకు ముందు చేయవలసినది పూర్వకర్మ, తరువాతిది పశ్చాత్కర్మ. కావున గ్రామీణుని 'ఆపరేషను'నకు సరియైన పర్యాయము శస్త్రకర్మ. శస్త్రచికిత్స యనునది ఈ మూడింటిని కలుపుకొన్న వైద్యశాఖ. మనము రెండింటికిని ఒకే మాట వాడి ఈ భేదమును పోగొట్టుకొంటిమి. మరాఠీ, మలయాళ భాషలు 'శస్త్రక్రియ' అను పదముతో దానిని నేటికిని నిలుపుకొన్నవి.