దేవుణ్ణి తింటే ఏమవుతుంది?

అన్నం పరబ్రహ్మ స్వరూపమని మన ఇళ్లలో పెద్దవాళ్లు అంటారు. మెతుకు పారేయకూడదని చెప్పడానికే ఆ మాట. పూరీ జగన్నాథుడి గుడిలో మాత్రం అది మాటవరసకి అన్నది కాదు. అక్కడ నైవేద్యం పెట్టిన అన్నాన్ని 'అన్నబ్రహ్మ' అంటారు. అంటే అన్నమే దేవుడు. దేవుణ్ణి పూజించడం అందరికీ తెలిసిందే. దేవుణ్ణి తినడం కూడా మనం అనుకునేంత అరుదు కాదు.

ఋగ్వేదంలో సోముడు దేవుడూ, తాగే రసమూ కూడా. తొమ్మిదో మండలం ఆయన కోసమే. మెక్సికోలో అజ్టెక్కులు తోటకూర జాతి గింజల పిండితో తమ యుద్ధదేవుడి బొమ్మ చేసి, ముక్కలుగా పంచుకుని తినేవారు. 16వ శతాబ్దంలో అక్కడికి వెళ్లిన స్పెయిన్ మతాచార్యులే ఈ సంగతి రాసిపెట్టారు. చర్చిలో జరిగేదాన్ని సైతాను అనుకరించాడని 1590లో జోసె ద అకోస్టా అనే పాద్రీ తేల్చాడు. తాము తింటే సంస్కారం, ఎదుటివాడు తింటే సైతాను పని!

ఆ చర్చి సంస్కారాన్ని మన తెలుగు కేథలిక్కులు దివ్యసత్ప్రసాదం అంటారు. గోధుమ అప్పం, ద్రాక్షసారాయి క్రీస్తు శరీర రక్తాలుగా మారిపోతాయని 1215లో లాటరన్ మహాసభ సిద్ధాంతం చేసింది. రంగు, రుచి, బరువు మాత్రం మారవట. నేను రక్షణ శాఖ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. లెడ్జరులో పేరు మారి, గోడౌనులో సరుకు అదే ఉంటే దాన్ని మేము మార్పు అనం, తప్పుడు ఎంట్రీ అంటాం. 2017లో వాటికన్ ఒక లేఖలో ఈ అప్పం గురించి మరోసారి స్పష్టం చేసింది. గ్లూటెన్ తక్కువున్న అప్పం చెల్లుతుంది, అసలు లేనిది చెల్లదు. సిద్ధాంతం ఏదైనా, గ్లూటెన్ పడని రోగి పేగుకు అది గోధుమే.

ఇది నవ్వుకుని వదిలేసే సంగతైతే బాగుండేది. 1298లో జర్మనీలోని రోటింగెన్‌లో యూదులు పవిత్రమైన అప్పాన్ని హింసించారని పుకారు పుట్టింది. ఆ ఏడాది చుట్టుపక్కల ఊళ్లలో వేలమంది యూదుల్ని చంపేశారు. రొట్టెముక్క దేవుడని నమ్మితేనే కదా, దాన్ని హింసించడమనే నేరం పుట్టేది! అప్పం మీద నెత్తురు కనిపించిందనే కథలూ అప్పట్లో చాలా ఉండేవి. 1819లో ఇటలీలో మొక్కజొన్న సంకటి ఎర్రబడితే బార్తొలొమెయో బిజియో దాన్ని పరీక్షించి, కారణం ఒక సూక్ష్మజీవి అని చూపించాడు. రొట్టె మీదా అది అలాగే పెరుగుతుంది.

మళ్లీ పూరీకి వద్దాం. అక్కడ మహాప్రసాదం విషయంలో ఎంగిలి లేదు, కులం లేదు, అందరూ ఒకే కుండలోది తింటారని గొప్పగా చెబుతారు. మంచిదే. మరి గుడి తలుపు? దళితులకు అది మూసే ఉండేది. 1938లో కస్తూర్బా ఆ గుడిలోకి వెళ్లారని తెలిసి గాంధీ ఎంతో నొచ్చుకున్నారు. హిందువులు కానివారికి ఇప్పటికీ ప్రవేశం లేదు. అన్నంలోని దేవుడికి లేని పట్టింపు గుమ్మంలోని దేవుడికి ఎందుకో?

నేనుంటున్న నందిని, భిలాయి ఉక్కు కర్మాగారానికి సున్నపురాయి పంపే గనుల ఊరు. ఈ ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ఒక ఆచారం ఉంది. పూరీ నుంచి తెచ్చిన ఎండు మెతుకుల్ని ఇద్దరు ఒకరికొకరు ఇచ్చుకుని తింటే జీవితాంతం స్నేహితులవుతారు. ఆపైన పేరు పెట్టి పిలుచుకోరు, 'మహాప్రసాద్' అనే పిలుచుకుంటారు. కులం వేరైనా ఫరవాలేదు. పెళ్లికీ చావుకీ సొంత చుట్టాల్లా నిలబడతారు.

ఇక్కడ హేతువాదులు గమనించాల్సింది ఒకటుంది. ఇదే స్నేహం గంగనీళ్లతో కలుపుకుంటే 'గంగాజల్'. తులసి ఆకుతో అయితే 'తులసీదళ్'. మొలకెత్తిన గోధుమ నారుతో అయితే 'భోజలీ'. దేవుడి మెతుకు లేకపోయినా స్నేహం నిలుస్తూనే ఉంది! సోమరసం సంగతీ అంతే. సోమలత దొరకనప్పుడు పూతీక వంటి వేరే మొక్క వాడవచ్చని బ్రాహ్మణ గ్రంథాలే ఒప్పుకున్నాయి. యజ్ఞం ఆగలేదు. వస్తువు మార్చినా ఫలితం మారలేదంటే, ఆ ఫలితం వస్తువు వల్ల వచ్చింది కాదు. నలుగురి ముందు ఇచ్చిపుచ్చుకున్న మాట వల్ల వచ్చింది.

ఇలా స్నేహం కలుపుకున్నవారిని ఇక్కడ మితాన్ అంటారు, ఆడవారైతే మితానిన్. 2002లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం పల్లె ఆరోగ్య కార్యకర్తల పథకానికి ఆ పేరే పెట్టింది. 2005లో దేశమంతటికీ వచ్చిన ఆశా పథకానికి అది ఒక నమూనా అయింది. ఇందులో ప్రసాదం లేదు. జ్వరమొచ్చిన ఇంటికి నడిచి వెళ్లే మనిషి ఉంది.

మన గోరా గారు పట్టుకున్నదీ ఈ కిటుకే. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన ఆయన, అన్ని కులాలవారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టించారు. 1972 ఆగస్టు 15న విజయవాడలో ఆవుమాంసం, పందిమాంసం రెండూ వడ్డించారు. ఆ విస్తళ్లలో ఏ దేవుడూ లేడు. దేవుడి పేరుతో తినకూడదన్న రెండు పదార్థాలున్నాయి, వాటిని పక్కపక్కన కూర్చుని తిన్న మనుషులున్నారు.

ప్రసాదం తినొద్దని నేనెవరికీ చెప్పను, ఆకలికి అన్నం అన్నమే. అందులో దేవుడున్నాడా లేడా అన్న చర్చ సాయంత్రానికి వాయిదా వేసుకోవచ్చు. వంట ఎవరు చేశారు, పంక్తిలో ఎవరిని కూర్చోనిచ్చారు, ఎవరిని గుమ్మం బయట నిలబెట్టారు అన్న లెక్క మాత్రం భోజనానికి ముందే చూసుకోవాలి.