పలకకు ముందు పాట: నారాయణగూడ బాలానందము, మన శిశుతరగతులు

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ఒకదానికొకటి నడక దూరములో ఉన్న పేటలు. ఉదయము ఎనిమిదిన్నరకు ఈ వీధులలో నడిచేవారికి చదువు రెండు చివరలూ కనబడతాయి. ఒకవైపు మూడేళ్ళు నిండీ నిండని పిల్లలు వీపుమీద సంచులతో ఆటోలు ఎక్కుతుంటారు. మరొకవైపు గ్రూప్స్ అభ్యర్థులు అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లకూ సిటీ సెంట్రల్ లైబ్రరీకీ పుస్తకాలు పట్టుకొని వెళుతుంటారు. ఉద్యోగ పరీక్షకు సిద్ధపడే యువకునికి ఆ పద్ధతి తగినదే. అయితే అది మెట్టు మెట్టుగా కిందికి దిగి నర్సరీ గదిని కూడా ఆక్రమించడము విచారకరము. వంద వరకు అంకెలు రాయలేదని నాలుగేళ్ళ పాపను పై తరగతికి పంపని ఒక పాఠశాలను మేము ఎరుగుదుము.

మన సంఘములలో అనేకము దేవాలయ ఆవరణలోనే శిశుతరగతులు నడుపుతున్నవి. చాలాచోట్ల కాపరియే కరస్పాండెంటు. కనుక చిన్నపిల్లల పాఠ్యప్రణాళిక విద్యాశాఖవారి పని అని మనము తప్పించుకోలేము. ఈ విషయములో మనకు పనికివచ్చే చరిత్ర ఒకటి నారాయణగూడలోనే ఉన్నది. దానిని కాపరులకు, వేదాంత విద్యార్థులకు గుర్తుచేయుటే ఈ వ్యాసము ఉద్దేశము.

ముందుగా, శిశువిద్య చరిత్రలో సంఘకాపరుల పాత్ర చిన్నది కాదు. పదిహేడవ శతాబ్దములో యుద్ధము వలన దేశభ్రష్టుడైన సహోదరుల సంఘ బిషప్పు కొమీనియస్, మొదటి ఆరేళ్ళ చదువుకు తల్లి ఒడియే బడి అని చెప్పి, ఆ వయస్సులో దేహము, ఇంద్రియములు, మాట, చేతిపని, భక్తి ఎలా పెంచాలో ఒక పుస్తకమే రాశాడు. కిండర్‌గార్టెన్ అనే పేరును 1840లో పెట్టిన ఫ్రోబెల్ లూథరన్ కాపరి కుమారుడు. వీరిద్దరికంటె మనకు దగ్గరివాడు, మా దృష్టిలో, ఫ్రాన్సు దేశములో వోజ్ కొండల నడుమ పేద పల్లెలకు కాపరిగా ఉన్న ఓబర్లిన్. తల్లిదండ్రులు పనికి పోయినప్పుడు పసిపిల్లలు దిక్కులేక తిరగడము చూసి, సుమారు 1770 ప్రాంతములో, సారా బాంజే, లూయీజ్ షెప్లర్ వంటి స్త్రీల సహాయముతో ఆ పిల్లలను ఒకచోట చేర్చాడు. అక్కడ అల్లికపని, పాటలు, బొమ్మల ద్వారా బైబిలు కథలు, చుట్టుపక్కల మొక్కల పేర్లు నేర్పేవారు. ఆ పనిలో ఒక చిక్కు కూడా ఉన్నది. పిల్లలు ఇంట్లో మాట్లాడే యాస స్థానములో ప్రామాణిక ఫ్రెంచి నేర్పడము ఆ బడుల లక్ష్యములలో ఒకటి. ఇంటిభాషను గడప బయట విడిచి రమ్మనే అలవాటు మన ఇంగ్లీషు మీడియముతో పుట్టినది కాదన్నమాట.

ఆ భాషా ప్రశ్నను నారాయణగూడ ముందుగానే ఎదుర్కొన్నది. ఉర్దూ రాజభాషగా ఉన్న కాలములో, 1928లో, మాడపాటి హనుమంతరావు ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పే పాఠశాలను స్థాపించారు. ఇక్కడ గుర్తింపు దొరకక పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయముతో దానిని అనుబంధించవలసి వచ్చింది. అది పెద్దపిల్లల బడి. పసిపిల్లల సంగతి ఈ పేటకు వచ్చినది మరొక దారిలో, మద్రాసు రేడియో నుండి.

న్యాయపతి రాఘవరావు (1905–1984), కామేశ్వరి దంపతులను తెలుగువారు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని పిలుచుకున్నారు. మద్రాసు ఆకాశవాణిలో పిల్లల కార్యక్రమము నడుపుతూ 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును ప్రారంభించారు. సరిగా ఆ సంవత్సరములలోనే (1939–46) మరియా మాంటిస్సోరి మద్రాసు అడయారు కేంద్రముగా భారతదేశ ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తున్నది. ఒకే నగరములో ఒకరు పిల్లల చేతికి వస్తువు ఇస్తుండగా, మరొకరు పిల్లల నోటికి మైకు ఇచ్చారు. 1945లో అన్నయ్య, అక్కయ్య ‘బాల’ మాసపత్రికను తెచ్చారు. ముళ్ళపూడి వెంకటరమణ మొదటి కథ పదునాలుగేళ్ళ వయస్సులో అందులోనే అచ్చయింది. బాపు తొలి బొమ్మలకు చోటిచ్చినదీ ఆ పత్రికయే. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు వారు హైదరాబాదు వచ్చారు. సంఘము నారాయణగూడలో స్థిరపడింది. శనివారము బాలవినోదము, ఆదివారము బాలానందము. ఆరాధన ముగించుకొని ఇంటికి చేరి రేడియో దగ్గర కూర్చున్న ఆదివారములు మా తరమువారికి గుర్తే.

అన్నయ్య, అక్కయ్య ‘సమగ్ర వికాసము’ అనే మాటతో ప్రచారము చేయలేదు. కాని వారి పనిని ఈనాటి ప్రణాళికా దృష్టితో విడదీసి చూస్తే ఆశ్చర్యము కలుగుతుంది. కలిసి పాడే పాటలో ఊపిరి, నాలుక, జ్ఞాపకము మూడూ పని చేస్తాయి. అభినయముతో పాడితే కాళ్ళూ చేతులూ కలుస్తాయి. పొడుపుకథ ఆలోచన నేర్పుతుంది. నాటికలో తన వంతు వచ్చేవరకు ఆగడము, ఇంకొకరి మాట వినడము, దుఃఖమును నటించి తెలుసుకోవడము ఉన్నవి. మైకు ముందు నిలబడిన బిడ్డకు తన మాటకు విలువ ఉన్నదని తెలుస్తుంది. వీటిలో దేనికీ పలక అక్కర లేదు. ఇదంతా పిల్లవాడు అమ్మ దగ్గర నేర్చిన తెలుగులోనే జరిగింది. లూకా 2:52లో సువార్తికుడు బాలయేసు ఎదుగుదలను జ్ఞానము, దేహము, దేవుడు, మనుష్యులు అని నాలుగు వైపుల నుండి చెప్పాడు. ఆ వచనమును మన పాఠశాలల గోడల మీద రాయిస్తాము, టైంటేబులులో మాత్రము ఒక వైపే ఉంచుతాము.

అయితే బాలానందమును పొగడి ఊరుకోవడము న్యాయము కాదు. రేడియో ఉన్న ఇళ్ళకే అది చేరింది; స్టూడియోకు రాగలిగినవారు నగరపు పిల్లలే. ఆకలిగొన్న బిడ్డకు పాట చాలదు. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము ఆ కొరతను గ్రహించి, అంగన్‌వాడీలో పౌష్టికాహారము, టీకాలు, ఆరోగ్య పరీక్ష, పూర్వప్రాథమిక విద్య ఒకచోట చేర్చింది. ఆహారము బలపడినంతగా అక్కడ ఆటపాట బలపడలేదన్నది మా అభిప్రాయము.

ఫీజులు తీసుకునే నర్సరీలు మాత్రము ఈ రెండు మార్గములనూ వదలి ఒకటవ తరగతినే చిన్నదిగా చేసి ఎల్.కె.జి. అన్నవి. 1993లో యశ్‌పాల్ కమిటీ నర్సరీ ప్రవేశానికి పరీక్షలు, ఇంటర్వ్యూలు రద్దు చేయాలని చెప్పింది. 2022లో వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము మూడు నుండి ఎనిమిదేళ్ళ వయస్సుకు ఆట, కథ, పాట, బొమ్మలు, ఇంటిభాష ఆధారమని స్పష్టముగా రాసింది. నారాయణగూడలో పిల్లలు పాడుకొనిపోయిన సంగతినే ఢిల్లీ అంతకాలము తరువాత కాగితము మీద పెట్టిందని అనుకోవడము మాకు కొంత సరదా.

ఇక మన పని. ప్రణాళికను పాఠ్యపుస్తకముల జాబితాతో గాక బిడ్డ రోజుతో మొదలుపెట్టాలని మా సూచన. మన దేవాలయ హాళ్ళు వారములో ఆరు రోజులు ఇంచుమించు ఖాళీ. బెంచీలు పక్కకు జరిపితే పరుగెత్తే స్థలము దొరుకుతుంది. ఉదయము గుండ్రముగా కూర్చొని పాట, ఆ రోజు ఎవరి ఇంట ఏమి జరిగిందో మాటలు, తరువాత మట్టి, గింజలు, నీళ్ళు, పూసలతో చేతిపని, బయట ఆట, చేతులు కడుక్కొని కలిసి తినడము, ఒక కథ, దానినే పిల్లలు ఆడి చూపడము, కాసేపు నిద్ర. పూసలు గుచ్చే వేళ్ళే తరువాత పెన్సిలు పట్టగలవు. గింజలు లెక్కపెట్టినవాడికి అంకె అర్థమవుతుంది. ఇంగ్లీషు కూడా ముందు పాటగా, మాటగా రావచ్చు. మార్కులకు బదులు ప్రతి బిడ్డకు ఒక నోటుపుస్తకము పెట్టి, ఈ వారము కొత్తగా ఏమి చేయగలిగిందో టీచరు రెండు వాక్యములు రాస్తే చాలును. పది మార్కులకు ఎనిమిది అనడము కంటె అది కష్టమైన పని. టీచరుకు శిక్షణ, తగిన జీతము కావాలి. సంఘ బడ్జెటులో భవనపు రంగు కంటె ముందు ఆ పద్దు ఉండాలని మేము కోరుతున్నాము.

తల్లిదండ్రులు ఒప్పుకోరని కాపరులు తరచుగా అంటారు. పక్కవీధి పాప ఎ నుండి జడ్ వరకు రాస్తుంటే మన బడి పిల్లలు మట్టి పిసుకుతున్నారని ఫిర్యాదు తప్పక వస్తుంది. అందుకు జవాబుగా, జూన్‌లోనే తల్లిదండ్రులను పిలిచి, ఐదేళ్ళు దాటిన తరువాత ఏ నెలలో అక్షరములు మొదలుపెడతామో, అంతవరకు చేతికి, చెవికి, నోటికి ఏ సాధన చేయిస్తామో తేదీలతో సహా చూపి, వారిని ఒక ఉదయమంతా తరగతిలో కూర్చోనివ్వాలి.