తొలిచూలు సామాను: పుట్టింటి తొట్టి నుండి సౌదీ అద్దె ఇంటి దాకా

తొలిచూలు అంటే మొదటి కాన్పు. ఈ మాట నేటి పిల్లలకు కొత్తగా తోచవచ్చు గాని, మన తాతమ్మల నోట నిత్యం నలిగిన మాట. తొలిచూలు పుట్టింట జరగాలన్నది తెలుగునాట ఎన్నో కుటుంబాలు పాటిస్తూ వచ్చిన ఆచారం. సీమంతమో గాజుల వేడుకో జరిపి కూతురిని పుట్టింటికి తీసుకువెళ్ళేవారు; బిడ్డకు కొన్ని నెలలు నిండాక సారెతో అత్తవారింటికి పంపేవారు. ఈ ఆచారాన్ని తలచుకున్నప్పుడు ఆప్యాయత, విశ్రాంతి అన్న మాటలే ఎక్కువగా వినిపిస్తాయి. మేము ఇక్కడ చెప్పదలచినది సామాను సంగతి. పుట్టింటికి చేరిన పిల్ల బిడ్డ కోసం ఏమీ కొనేది కాదు. కావలసినవి ఆ ఇంట ముందే ఉండేవి. లేనివి పక్కింట ఉండేవి.

బిడ్డకు లాల పోయడమే తీసుకోండి. లాల అంటే పసిబిడ్డ స్నానం. అమ్మమ్మో, ఆ పనిలో చేయి తిరిగిన ఊరి పెద్దామెయో పీట మీద కూర్చుని కాళ్ళు బారజాపేది. ఆ రెండు కాళ్ళ నడుమ పల్లమే బిడ్డకు స్నానపు తొట్టి. నూనె మర్దన, నలుగుపిండి, గోరువెచ్చని నీళ్ళు, చివర సాంబ్రాణి పొగ. నేటి దుకాణంలో ఈ ఒక్క పనికి ప్లాస్టిక్ తొట్టి, జారకుండా పరచే చాప, తల ఆన్చే దిండు, నీటి వేడి చూపే పరికరం విడివిడిగా అమ్ముతారు. వీటన్నిటి పని ఒక మనిషి ఒళ్ళు చేసేది. ఆమె మోచేయే ఉష్ణమాపకం.

బట్టల సంగతీ అంతే. అనేకసార్లు ఉతికి మెత్తబడిన నేతచీరలను చింపి పొత్తిగుడ్డలు చేసేవారు. కొత్త బట్టలో గంజి ఉంటుంది, చెమటను పీల్చదు, పసి చర్మాన్ని ఒరుస్తుంది. పాత నూలుబట్టకు ఆ దోషాలు లేవు. అవే చీరలను మడతలు వేసి, కుట్టి బొంత చేసేవారు. ఉగ్గుపాలు పట్టడానికి చిన్న ముక్కు ఉన్న ఉగ్గుగిన్నె ఉండేది. కలిగినవారింట వెండిది, తక్కినవారింట ఇత్తడిది. చిన్ననాటే అబ్బిన విద్యను ‘ఉగ్గుపాలతో నేర్చినది’ అంటామే, ఆ నుడికారం ఈ గిన్నె నుండి వచ్చినదే. ఇక తొట్టి. దూలానికి ఉన్న కొక్కేలకు గొలుసులతో వేలాడే చెక్క తొట్టి ఒక వంశంలో రెండు మూడు తరాలు తిరిగేది. అది లేని ఇంట అదే దూలానికి చీర కట్టి ఉయ్యాల చేసేవారు.

ఒక నియమం మాత్రం గట్టిగా ఉండేది: బిడ్డ పుట్టకముందు బిడ్డ సామాను ఇంటికి తేకూడదు. దిష్టి తగులుతుందనేవారు. దీనిని మూఢనమ్మకమని కొట్టివేయడం తేలిక. కాని 1971లో కూడా మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువులలో సుమారు 129 మంది ఏడాది నిండకముందే కన్నుమూసేవారు. అంతకు ముందు తరాలలో పరిస్థితి ఇంకా దయనీయం. ఖాళీ తొట్టిని చూసి కుమిలిపోకుండా తల్లిని కాచే ఏర్పాటు అందులో ఉన్నదని మా అభిప్రాయం. బారసాల నాడు బిడ్డను తొట్టిలో వేయడం ఒక పండుగ కావడానికి కారణం కూడా బహుశా ఇదే: బిడ్డ దక్కింది అని ఊరికి చెప్పడం.

ఈ ఏర్పాటు మొత్తం ఒక ఊహ మీద నిలిచి ఉన్నది. పుట్టిల్లు చేరువలో ఉంటుందన్నదే ఆ ఊహ. సౌదీ అరేబియాకు వెళ్ళిన తెలుగువారికి అది చెల్లలేదు.

1938 మార్చిలో ధహ్రాన్ వద్ద దమ్మామ్ ఏడో నంబరు బావిలో చమురు సమృద్ధిగా పడింది. 1973లో చమురు ధరలు అమాంతం పెరిగాక ఆ దేశం నిర్మాణపు పనులలో మునిగిపోయింది. 1975లో జుబైల్, యాన్బూ నగరాల కోసం రాజ సంఘం ఏర్పడింది. ఎడారి అంచున కర్మాగారాలు లేచాయి. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుండి, హైదరాబాదు నుండి, కడప, గోదావరి సీమల నుండి మనవాళ్ళు గల్ఫ్ దారి పట్టారు. వారిలో అధికులు ఒంటరిగా వెళ్ళిన మగవారు. భార్యాబిడ్డలను తెచ్చుకోవాలంటే చేసే వృత్తి, వచ్చే జీతం నిబంధనలకు సరిపోవాలి. తాపీపనివాడికి, డ్రైవరుకు ఆ అవకాశం లేదు.

కనుక సౌదీలో తెలుగువారు పసిపిల్లల కోసం చేసిన తొలి కొనుగోళ్ళు సౌదీలో వాడడానికి కావు. రియాద్‌లో బత్‌హా, జిద్దాలో బలద్, దమ్మామ్‌లో సీకో ప్రాంతపు అంగళ్ళలో కొని, అట్టపెట్టెలో సర్ది, తాళ్ళతో బిగించి, మీద పేరు పెద్ద అక్షరాలతో రాసి ఊరికి చేర్చినవి. పాలపొడి డబ్బాలు, పసిపిల్లల సబ్బులు, పౌడరు, మెత్తని రగ్గు. రెండేళ్ళ ఒప్పందం మీద వెళ్ళినవాడికి కాన్పు నాటికి సెలవు దొరకడం అరుదు. పెట్టె మాత్రం, సెలవు మీద వెళ్ళే తోటివాడి చేతికి అప్పగిస్తే, ముందుగా ఇల్లు చేరేది. తండ్రిని చూడకముందే తండ్రి పంపిన రగ్గులో నిద్రించిన పిల్లలు తెలంగాణ పల్లెలలో ఒక తరమంతా ఉన్నారు. దీనికి మరో వైపు కూడా చెప్పాలి. కడప, గోదావరి జిల్లాల నుండి ఇంటిపనికి గల్ఫ్ దేశాలకు వెళ్ళిన స్త్రీలు తమ పిల్లలను ఊళ్ళో తల్లి దగ్గర విడిచి, ఎవరి బిడ్డనో ఊపుతూ ఏళ్ళు గడిపారు.

కుటుంబాలతో ఉండగలిగినవారు ఇంజినీర్లు, వైద్యులు, నర్సులు, గుమాస్తాలు. జిద్దాలో 1969లోనూ, రియాద్, దమ్మామ్ నగరాలలో 1982లోనూ భారతీయ పాఠశాలలు వెలిశాయంటే అక్కడ సంసారాలు స్థిరపడుతున్నాయనే అర్థం. మన కథలో కొత్త అధ్యాయం ఈ ఇళ్ళలోనే మొదలైంది. తొలిచూలు ఆమె ఊరికి వెళ్ళకుండా అక్కడే ఉండిపోతే, భార్యాభర్తలిద్దరూ కాగితం కలం పట్టుకుని జాబితా రాయవలసి వచ్చింది. మా ఎరుకలో మన తాతమ్మలెవరూ అటువంటి జాబితా రాసి ఎరుగరు.

మొదటి చిక్కు కొక్కెం. అద్దె ఇంటి కాంక్రీటు కప్పుకు దూలం ఉండదు, రంధ్రం వేస్తే యజమాని ఒప్పుకోడు. చీర ఉయ్యాలకు చోటు లేక కాళ్ళ మీద నిలిచే తొట్టి కొనక తప్పలేదు. ఇది నష్టమని చాలామంది బాధపడతారు. మేము అలా అనుకోము. చీర ఉయ్యాలలో బిడ్డ వెన్ను వంగి, గడ్డం రొమ్మును తాకుతుంది. గాలి సరిగా ఆడకపోవచ్చు. బిడ్డను వెల్లకిలా, చదునైన గట్టి పరుపు మీద, దిండ్లూ మెత్తని బొమ్మలూ లేకుండా నిద్రపుచ్చాలన్నది నేటి వైద్యుల మాట; 1990ల నుండి పలు దేశాలలో దీనిని ప్రచారం చేయగా నిద్రలో సంభవించే శిశుమరణాలు బాగా తగ్గాయి. చీర ఉయ్యాల కట్టుకునే వీలున్నవారు బిడ్డ మేలుకొని ఉండగా, కళ్ళెదుట ఊపుకోవచ్చు. రాత్రి నిద్రకు చదునైన తొట్టే మేలు. ఇందులో అంగడివాడు అంటగట్టే దిండ్ల వరుస, చుట్టూ కట్టే మెత్తలు అక్కరలేదు.

రెండవది కారు సీటు. జాబితాలో ఒకే ఒక్క వస్తువు రాయమంటే మేము దీనినే రాస్తాము. పుట్టిన బిడ్డను అమ్మమ్మ ఒడిలో పెట్టుకుని ఇంటికి తేవడం మన అలవాటు. ఎడ్లబండిలో అది చెల్లింది. దమ్మామ్ నుండి రియాద్‌కు సుమారు 400 కిలోమీటర్ల రహదారి మీద వాహనాలు పరుగుతీసే వేగంలో చెల్లదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే బండి గుద్దుకుని రెప్పపాటులో ఆగితే, బిడ్డను పట్టి ఉంచడానికి బిడ్డ బరువుకు ఇరవై రెట్లకు మించిన బలం కావాలి. ఏ అమ్మమ్మ చేతులకూ ఆ శక్తి లేదు. వెనుక సీటులో, బిడ్డ ముఖం బండి వెనుకకు ఉండేలా బిగించే సీటు పసిబిడ్డకు తగినది. దీనిని ఇతరుల నుండి పుచ్చుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి: ప్రమాదానికి గురైనది పనికిరాదు, దాని మీద ముద్రించిన గడువు చూడాలి, ఎండలో నిలిపిన కారులో ఏళ్ళ తరబడి కాగిన ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. ఇంకొక చారిత్రక విషయం. 2018 జూన్ 24 వరకు ఆ దేశంలో స్త్రీలు కారు నడపడానికి అనుమతి లేదు. భర్త పనిలో ఉండగా బిడ్డకు జ్వరం వస్తే తల్లి టాక్సీకో, పొరుగింటి మగవారికో కబురు పెట్టేది. ఆ ఏళ్ళలో ఇంట థర్మామీటరు, వైద్యుని ఫోను నంబరు పట్టుచొక్కాలకన్నా విలువైనవి.

మూడు చక్రాల చెక్క నడకబండిని మన వడ్రంగులు చేసేవారు. బిడ్డ నిలబడి దానిని తోస్తూ సొంతకాళ్ళ మీద అడుగు వేస్తుంది. నేటి అంగళ్ళలో వాకరు పేరిట అమ్మేది వేరు. అందులో బిడ్డ కూర్చుని కాళ్ళతో నేలను తన్ని జారుతుంది. నడక రాదు సరికదా, మెట్ల మీద నుండి పడే ప్రమాదం ఉన్నది. కెనడా 2004లో వీటి అమ్మకాన్నే నిషేధించింది. కొనకపోతే డబ్బు మిగులుతుంది. ఆ మిగిలిన దానితో ఏటికొప్పాక గిలక్కాయ ఒకటి తెప్పించుకోవచ్చు. అంకుడు కర్రను తరిణె పట్టి లక్క పూసి చేసే ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఇక అమ్మమ్మ. ఆమె సందర్శన వీసా మీద వస్తే, జాబితాలో సగం కొట్టివేయవచ్చు. ఆమె పెట్టెలో సున్నిపిండి, పాత చీరల పొత్తిగుడ్డలు, బొంత, కాటుక, వసకొమ్ము ఉంటాయి. పొత్తిగుడ్డలు, బొంత అమూల్యాలు. ఏసీ గదిలో నూలు బొంతను మించినది లేదు, అయితే అది బిడ్డ కింద పరచడానికే గాని ముఖం మీదికి వచ్చేలా కప్పడానికి కాదు. కాటుకను మేము కంటికి వద్దంటాము, కొన్నింటిలో సీసం ఉంటుంది కనుక. దిష్టిచుక్క అరికాలికి పెట్టుకుంటే చాలు. నాలుకకు తేనె రాయడం కూడా ఏడాది నిండేవరకు మానాలి. వసకొమ్ము అరగదీసి పట్టడం సంగతి వైద్యుని అడగకుండా చేయరాదు. అన్నిటికన్నా ముఖ్యం: పెట్టెలో గసగసాలు ఉండకూడదు. మనకు వంటింటి దినుసు అయిన గసగసాలు సౌదీలో మత్తుపదార్థాల కింద నిషిద్ధం. విమానాశ్రయంలో పట్టుబడితే జైలు దాకా పోతుంది. బాలింతకు మసాలా కూర చేసిపెడదామని తెచ్చిన పొట్లం మనవడిని చూడనీయకుండా చేస్తుంది.

వస్తువుల లెక్క ఇంతవరకు. ఖర్చుల లెక్క వేరు. 2017 జూలై నుండి ప్రవాసుల మీద ఆధారపడిన ప్రతి కుటుంబ సభ్యునికి నెలకు 100 రియాళ్ళ రుసుము విధించారు. అది ఏటేటా పెరిగి 2020 జూలైకి 400 అయింది. అదే నెలలో అమ్మకపు పన్ను 5 నుండి 15 శాతానికి చేరింది. అంటే పుట్టిన బిడ్డ పేరిట ఏటా 4,800 రియాళ్ళు. మామూలు తొట్టీ, తోపుడుబండీ ఇంత ఖరీదు చేయవు. చాలా కుటుంబాలు భార్యాబిడ్డలను ఊరికి పంపివేసి, భర్త ఒక్కడే గదికి మారిన కాలం అది. నలభై ఏళ్ళనాటి అట్టపెట్టె మళ్ళీ అవసరమైంది.

జాబితాలో చేరిన మరొక కొత్త వస్తువు కాగితాల ఫైలు. ఆస్పత్రి ఇచ్చిన పత్రం, సౌదీ పౌర వ్యవహారాల కార్యాలయపు జనన ధ్రువపత్రం, ఏడాదిలోగా భారత దౌత్య కార్యాలయంలో జనన నమోదు, పాస్‌పోర్టు, తరువాత తండ్రి ఇఖామాలో బిడ్డ పేరు. బారసాల నాడు పళ్ళెంలో బియ్యం పోసి రాసే పేరును అరబీ లిపిలో ఎలా రాస్తారో ముందే చూసుకోవాలి. ఆ లిపిలో ‘ప’ లేదు. పద్మ బద్మ అవుతుంది, ప్రణవ్ బ్రణవ్ అవుతాడు. ఒక పత్రంలో ఒక తీరు, మరొక పత్రంలో ఇంకొక తీరు పడితే సరిచేయించడానికి ఎన్నో పూటలు తిరగాలి.

దేశం విడిచి శాశ్వతంగా వెళ్ళిపోవడాన్ని అక్కడ ‘ఖురూజ్ నిహాయీ’ అంటారు. అలా వెళ్ళేవారు తొట్టిని అమ్మడం మాకు తెలిసిన ఇళ్ళలో అరుదు. విడదీసి, మరలన్నీ ఒక పాత గుడ్డలో మూటగట్టి, తొట్టి కాలికి ముడివేసి, నెలలు నిండుతున్న ఆమె ఇంటికి పంపుతారు. పుట్టకముందే తొట్టిని ఇంట పెట్టరాదన్న పట్టింపు ఆమెకు ఉంటే, అది పొరుగింటి వసారాలో గోడకు ఆనించి ఉంటుంది. ఆస్పత్రి నుండి ఫోను వచ్చాక, ఆ మూట విప్పి మరలు బిగిస్తారు.