గ్రంథాలయ పాఠకుల గోప్యత (శ్రీకాకుళం, విజయనగరం)

ఎవరు ఏ పుస్తకం అడిగారు, ఏది ఇంటికి పట్టుకెళ్లారు అన్న సంగతి పాఠకుడి అనుమతి లేకుండా బయటికి పొక్కనివ్వకపోవడమే పాఠకుల గోప్యత. అమెరికా గ్రంథాలయ సంఘం 1939లోనే దీన్ని తన వృత్తి నియమావళిలో చేర్చింది. ఉత్తరాంధ్రలో మాత్రం ఇది చట్టం కంటే రిజిస్టరు రాసే తీరు మీద, గ్రంథపాలకుడి మర్యాద మీద ఎక్కువగా ఆధారపడుతోంది.

ఇక్కడి ప్రభుత్వ గ్రంథాలయాలు 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద, జిల్లా గ్రంథాలయ సంస్థల ఆధ్వర్యంలో నడుస్తాయి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల సెస్సు వీటి ప్రధాన ఆదాయం. శాఖా గ్రంథాలయంలో సంతకాల పుస్తకం బల్లమీద తెరిచే ఉంటే, తర్వాత వచ్చినవాడు ముందువాళ్ల పేర్లన్నీ చదువుకోవచ్చు. చిన్న ఊళ్లో ఇంటిపేరు కనబడితే చాలు, మనిషి ఎవరో తెలిసిపోతుంది.

పుస్తకాలిచ్చే పద్ధతిలోనూ తేడా ఉంది. బ్రౌన్ పద్ధతిలో పుస్తకం కార్డును పాఠకుడి టికెట్టులో దోపి ఉంచుతారు. పుస్తకం తిరిగి రాగానే రెండూ విడిపోతాయి, ఆనవాలు మిగలదు. నెవార్క్ పద్ధతిలో పుస్తకం కార్డు మీదే సభ్యుడి సంఖ్య రాస్తారు. అది ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. పాతదే అయినా ఈ విషయంలో బ్రౌన్ పద్ధతే మేలు.

1960ల చివర గిరిజన సాయుధ పోరాటం, దరిమిలా ఆ పోరాటం మీద నడిచిన పార్వతీపురం కుట్రకేసు చూసిన ప్రాంతమిది. చదివే పుస్తకాన్నిబట్టి మనిషిని అంచనా వేస్తారేమోనన్న జంకు ఇలాంటి చోట వింతేమీ కాదు. హింసను ప్రేరేపించే సాహిత్యమైనా, దాన్ని కేవలం దగ్గర ఉంచుకోవడమే ఉగ్రవాద చర్య కాదని భీమా కోరేగావ్ కేసులో నిందితుడైన వెర్నన్ గొన్సాల్వెస్‌కు బెయిలిస్తూ సుప్రీంకోర్టు చెప్పింది 2023లోనే.

కథకుడు కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథల గ్రంథాలయం కథానిలయంలోని కథలు ఇప్పుడు ఇంటర్నెట్‌లోనూ దొరుకుతాయి. అలా చదివేవారు సంతకం పెట్టనక్కర్లేదు. కాని ఏ వెబ్‌సైటుకైనా వచ్చినవారి ఐపీ చిరునామా సర్వర్‌లో నమోదయ్యే వీలుంది.

గోప్యత ప్రాథమిక హక్కని పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తేల్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మాత్రం కంప్యూటర్‌కెక్కిన సమాచారానికే వర్తిస్తుంది. కాగితం రిజిస్టరు దాని పరిధిలోకి రాదు. పైగా 18 ఏళ్లలోపు పిల్లల విషయంలో ఆ చట్టమిచ్చే హక్కులు తల్లిదండ్రులవి కూడా. పదో తరగతి పిల్ల ఏ నవల తీసుకుందో గ్రంథాలయం కంప్యూటర్‌లో దాచి ఉంచితే, ఆ వివరం అడిగే దారి ఇంట్లోవాళ్లకు దొరికినట్టే.