తుక్కు చెప్పే సాక్ష్యం: బ్రిటన్ బహిరంగ శిల్పాల్లో వ్యర్థ పదార్థం

పాత ఇనుముతోనో, వాడి పడేసిన సామాన్లతోనో చేసిన భారీ శిల్పాన్ని చూస్తే మనం మెచ్చుకునేవి సాధారణంగా రెండే: శిల్పి పనితనం, పర్యావరణానికి కలిగే మేలు. గత నాలుగు దశాబ్దాల్లో బ్రిటన్‌లో ఆరుబయట నిలిచిన కొన్ని శిల్పాలకు ఈ రెండు కొలతలూ చాలవు. వాటిలో తుక్కు ఎక్కడిది, ఎవరి చేతి నుంచి వచ్చింది, ఎంత వచ్చింది అన్నవే అర్థాన్ని నిర్ణయిస్తాయి. పదార్థం తన పాత పేరునూ గుర్తునూ వదులుకోనప్పుడే అలాంటి శిల్పం సాక్ష్యంగా నిలబడుతుందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

1. పోని గుణం

1983లో లండన్‌లోని హేవర్డ్ గ్యాలరీ ఆవరణలో స్కాట్లండ్ శిల్పి డేవిడ్ మాక్ సుమారు 6,000 టైర్లు పేర్చి ‘పొలారిస్’ అనే జలాంతర్గామిని నిర్మించారు. పొలారిస్ అప్పటి బ్రిటన్ అణు క్షిపణి పేరు. దాని స్థానంలో ట్రైడెంట్‌ను తేవాలని ప్రభుత్వం 1980లో నిర్ణయించింది. 1981 నుంచి గ్రీనమ్ కామన్ వైమానిక స్థావరం దగ్గర మహిళలు అణ్వాయుధ వ్యతిరేక శిబిరం నడుపుతూ వచ్చారు. ఆ వాతావరణంలో నగరం నడిబొడ్డున వెలసిన ఈ శిల్పానికి ఒక వ్యక్తి నిప్పు పెట్టబోయి, కాలిన గాయాలతో మరణించాడు. టైరు ఆకారం మార్చుకుంది గానీ మండే స్వభావం మార్చుకోలేదు. కంచు, రాయి విషయంలో శిల్పికి ఎదురుకాని ప్రశ్న ఇది: తెచ్చిన వస్తువుతో పాటు దాని ప్రమాదాన్నీ తెచ్చుకున్నట్టే కదా?

2. పోషకుడు మారితే

1980లలో లండన్‌లో జో రష్, ఆయన మిత్రులు నెలకొల్పిన మ్యూటాయిడ్ వేస్ట్ కంపెనీ పాత వాహనాలనే ముడిసరుకుగా ఎంచుకుంది. 1987లో గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో కార్లను నిలువుగా నిలిపి, వాటిపై అడ్డంగా కార్లు పెట్టి ‘కార్‌హెంజ్’ కట్టింది. అంతకు రెండేళ్ల ముందు, 1985లో, ప్రాచీన రాతి కట్టడం స్టోన్‌హెంజ్ దగ్గర ఏటా జరిగే ఉచిత ఉత్సవాన్ని అధికారులు ఆపేశారు. వెళ్లిన వాళ్లను పోలీసులు అడ్డగించి కొట్టి, వారి వాహనాలను ధ్వంసం చేశారు. రాళ్ల దగ్గరికి రానివ్వని చోట కార్లే రాళ్లయ్యాయని ఆ నిర్మాణాన్ని చదవవచ్చు.

అదే రష్ 2021 జూన్‌లో జీ7 సదస్సు సందర్భంగా కార్న్‌వాల్ తీరంలో ఏడుగురు దేశాధినేతల తలలను ఎలక్ట్రానిక్ వ్యర్థాలతో మలిచారు. పేరు ‘మౌంట్ రీసైకిల్‌మోర్’. చేయించినది వాడిన ఫోన్లు కొని అమ్మే మ్యూజిక్‌మ్యాగ్‌పై సంస్థ. నిరసన నిజమే, కానీ అది పోషకుడి వ్యాపారానికి ప్రచారం కూడా. తుక్కు ఎక్కడిదని అడిగినట్టే డబ్బు ఎవరిదని అడగడం పరిశోధకుడి బాధ్యత.

3. ఒక మనిషి వాటా

2005లో రాయల్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ కోసం పాల్ బొనొమీని రూపొందించిన ‘వీ మ్యాన్’ ఎత్తు 7 మీటర్లు, బరువు 3.3 టన్నులు. బ్రిటన్‌లో ఒక సగటు మనిషి జీవితకాలంలో పారేసే విద్యుత్, ఎలక్ట్రానిక్ సామాను అంత బరువు ఉంటుందన్న అంచనా మీద ఆ కొలత నిర్ణయమైంది. అంటే పరిమాణం శిల్పి ఇష్టం కాదు, గణాంకం. వాషింగ్ మెషీన్లు, టీవీలు దేహమయ్యాయి, కంప్యూటర్ మౌసులు పళ్లయ్యాయి. ఈ వ్యర్థాల సేకరణ బాధ్యతను ఉత్పత్తిదారుల మీద పెట్టిన యూరోపియన్ ఆదేశం బ్రిటన్‌లో 2007లో అమల్లోకి వచ్చింది. లండన్‌లో థేమ్స్ ఒడ్డున మొదట నిలిచిన ఈ బొమ్మ, తర్వాత కార్న్‌వాల్‌లోని ఈడెన్ ప్రాజెక్టుకు చేరింది.

4. అప్పగించిన ఆయుధాలు

ఈ వ్యాస ప్రతిపాదనకు గట్టి ఆధారం ‘నైఫ్ ఏంజెల్’. ష్రాప్‌షైర్‌లోని బ్రిటిష్ ఐరన్‌వర్క్ సెంటర్‌లో ఆల్ఫీ బ్రాడ్లీ మలిచిన ఈ 27 అడుగుల దేవదూతలో సుమారు లక్ష కత్తులున్నాయి. శిక్ష భయం లేకుండా అప్పగించే అవకాశమిచ్చి, ఇంగ్లండ్, వేల్స్‌లోని 43 పోలీసు దళాల సహకారంతో వాటిని సేకరించారు. అంటే శిల్పానికి ముందే ఒక సామాజిక వ్యవస్థ పనిచేసింది. వెల్డింగ్‌కు ముందు కత్తులను శుభ్రం చేసి, పదును తీసేశారు. ‘పొలారిస్’ లేవనెత్తిన ప్రశ్నకు ఇక్కడ సమాధానం దొరికింది: వస్తువు గుర్తు మిగలాలి, హాని మిగలకూడదు. కత్తిపోట్లకు బలైనవారి కుటుంబాలు రెక్కల్లోని కత్తులపై తమ వారికి సందేశాలు చెక్కించాయి. 2018 చివర్లో లివర్‌పూల్ కెథీడ్రల్ దగ్గర నిలిచాక అది హల్, కోవెంట్రీ వంటి నగరాలకు తిరిగింది.

5. తెనాలితో పోలిక

మన తెనాలి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు కుటుంబం దాదాపు 75,000 నట్లతో గాంధీ విగ్రహాన్నీ, 2021లో 14 అడుగుల మోదీ విగ్రహాన్నీ తుక్కుతోనే చేసింది. అక్కడ పరీక్ష ముఖపోలికది. ముఖం కుదిరితే నట్టు ఏ బండిదో ఎవరూ అడగరు. నట్టు తన గతం మరిచి గాంధీ చర్మం కావడమే ఆ విద్య గొప్పతనం. బ్రిటన్ ఉదాహరణల్లో కత్తి కత్తిగానే కనిపించాలి. రెండూ తుక్కు శిల్పాలే అయినా ఒకే తూకంతో తూచకూడదు.

ముగింపు

కాబట్టి వ్యర్థ పదార్థ శిల్పాన్ని అంచనా వేసేటప్పుడు ఆకారం, నైపుణ్యాలతో పాటు పదార్థం మూలం, సేకరించిన పద్ధతి, పోషకుడు, మిగిలిన ప్రమాదం అనే నాలుగు అంశాలనూ నమోదు చేయాలి. మన పట్టణాల్లో కూడళ్లకు, పార్కులకు ఇలాంటి శిల్పాలు చేయించే మునిసిపాలిటీలు శిలాఫలకం మీద దాతల పేర్లతో పాటు తుక్కు చిరునామా కూడా రాయిస్తే, రేపటి పరిశోధకుడికి ఆధారం, ఇవాళ్టి పౌరుడికి జవాబు రెండూ దొరుకుతాయి.